జూన్‌లో వెళ్లిపోయే సేల్స్ పిల్ల: కర్నూలు షోరూం నుంచి ఒక కేస్ స్టడీ

మార్చి వచ్చిందంటే కర్నూలులో ఎలక్ట్రానిక్స్ షాపుల వాళ్లందరికీ ఒకటే టెన్షన్, మనుషులు చాలరు. ఏసీలు, కూలర్లు, ఫ్రిజ్‌లు మూడూ ఒక్కసారే కదులుతాయి, వాటి మధ్యలో పెళ్లి సామాను కొనేవాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చి గంటలు గంటలు ఫ్లోర్ మీదే ఉంటారు, ఉన్న స్టాఫ్‌తో సీజన్ గట్టెక్కడం అయ్యే పని కాదు. అందుకని ఏటా కొంతమంది డిగ్రీ పిల్లల్ని వేసవికి తీసుకుంటాం. వాళ్లను తీసుకునేదీ, నేర్పేదీ, సీజన్ అయ్యాక లెక్క చూసి పంపించేదీ ఫ్లోర్ మేనేజర్‌గా నా పనే. ఇప్పుడు రాస్తున్నది 2025 వేసవిలో మా దగ్గర చేసిన ఒక బీకాం సెకండియర్ అమ్మాయి సంగతి. రికార్డు అమ్మకాలు చేసిందని రాయడం లేదు, అంత చేయలేదు కూడా. ఆ ఏడు సీజన్ ఇంకా ఉండగానే వానలు దిగి, అప్పటిదాకా అమ్మిన సరుకు మీద కొట్లాటలు మొదలైనప్పుడు ఆమె అమ్మిన వాటి మీద కొట్లాట దాదాపు రాలేదు. ఎందుకు రాలేదో చూడ్డమే ఈ కేసు.

ఆమె పేరు రాయను, షాపు పేరూ రాయను. బస్టాండుకీ రాజవిహార్ సెంటర్‌కీ మధ్య ఇలాంటి షోరూంలు చాలానే ఉన్నాయి, వాటిలో ఒకటి అనుకోండి.

ఎవరీ పిల్ల, ఎందుకొచ్చింది

సొంతూరు కోడుమూరు వైపు. నాన్న పత్తి, ఉల్లి పెడతాడు. చదువు కర్నూలులో, హాస్టల్లో ఉండి. సెలవులకు హాస్టల్ మూసేస్తే కల్లూరులో పిన్ని వాళ్లింట్లో ఉండి పనికి వచ్చేది. మొదట అడిగింది జీతం కాదు, సర్టిఫికెట్. మన దగ్గర 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా, మొదటి సంవత్సరం అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో సంవత్సరం అయ్యాక వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్. ఆ కాగితం కోసం ఏప్రిల్ వస్తే పిల్లలు షాపుల చుట్టూ తిరుగుతుంటారు, పని చేయకపోయినా స్టాంపు కొట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారు, అది వేరే కథ. నేను చెప్పిందొక్కటే, "స్టాంపు ఊరికే రాదమ్మా, రెండు నెలలు ఫ్లోర్ మీద నిలబడు, జీతం ఇస్తాం, సర్టిఫికెట్ కూడా ఇస్తాం." నెలకు 11,000, మీద ఇన్సెంటివ్. ఒప్పుకుంది. పిన్ని కూడా వచ్చి షాపు చూసుకుని, రాత్రి ఎన్నింటికి వదులుతారో రెండుసార్లు అడిగి మరీ పోయింది. అమ్మాయిలను ఎనిమిదిన్నరకే పంపించేస్తాం, షట్టర్ దించే దాకా ఉండేది మగపిల్లలే, అదే చెప్పాను.

ఇంటర్వ్యూలో నేను పెద్దగా ఏమీ అడగను. "ఇంతకుముందు ఎక్కడైనా అమ్మావా?" అంటే "మా ఉల్లిగడ్డలు మార్కెట్ యార్డులో అమ్మేటప్పుడు నాన్నతో పోయేదాన్ని సార్, కానీ అక్కడ మేం అమ్మేది ఏముంది, వాళ్లు రేటు చెప్తారు, మేం తల ఊపుతాం" అంది. కర్నూలు ఉల్లి రైతు పిల్ల కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. అప్పుడే తీసుకున్నా.

ఫ్లోర్ మీద అసలు ఏం జరుగుతుందంటే

బయటివాళ్లకు తెలియనిదొకటుంది. మీరు షోరూంలోకి వచ్చినప్పుడు మీ దగ్గరికి నవ్వుతూ వచ్చే అబ్బాయి చాలాసార్లు షాపు మనిషి కాదు, కంపెనీ ప్రమోటర్. జీతం కంపెనీ ఇస్తుంది, టార్గెట్ కంపెనీ పెడుతుంది, చొక్కా మీద కంపెనీ బొమ్మ ఉంటుంది. ఆ అబ్బాయికి వేరే కంపెనీ ఏసీ కనిపించదు. షాపు స్టాఫ్‌కేమో ఏ కంపెనీ అయినా ఒకటే, కానీ వాళ్లకు వేరే తూకం, ఏ మోడల్ మీద ఇన్సెంటివ్ ఎక్కువ అనేది. పాత మోడల్, గోడౌన్‌లో కదలని మోడల్, వాటి మీదే ఎక్కువ పెడతారు. ఇక ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఫైనాన్స్ కంపెనీ కౌంటరు, స్టెబిలైజరు, వీటన్నిటి మీదా తలా కొంత.

సమ్మర్ పిల్లలు ఈ తిరణాలలోకి వచ్చి పడతారు. వాళ్లకు చెప్పేవాడు సీనియర్ ప్రమోటరే, వాడు నేర్పేది తన కంపెనీ పాఠమే. ఇన్సెంటివ్ కాగితం ఒకటి చేతికొస్తుంది. ఇంకేముంది, రెండో వారానికల్లా పిల్లాడు కస్టమర్‌ని చూడగానే నోరు తెరుస్తాడు, అడగడు, చెప్పడం మొదలుపెడతాడు. "సార్ ఇది ఫైవ్ ఇన్ వన్ కన్వర్టిబుల్, నూరు శాతం కాపర్, పిల్లల రూమ్‌కి సూపర్ సార్." కస్టమర్ ఇంట్లో పిల్లలున్నారో లేదో కూడా తెలియదు. అమ్మకాలు జరగవా అంటే జరుగుతాయి, ఏప్రిల్ ఎండలో కర్నూలులో ఎవరు నిలబడినా కూలర్ అమ్ముడుపోతుంది. చిక్కంతా తర్వాత వస్తుంది. ఆ పిల్లాడు జూన్‌లో కాలేజీకి వెళ్లిపోతాడు. వాడు చెప్పిన మాట మాత్రం మా సర్వీస్ కౌంటర్‌లోనే ఉండిపోతుంది, "మీ అబ్బాయే చెప్పాడు" అని. ఏ అబ్బాయి, ఏం చెప్పాడు, ఎవరికీ గుర్తుండదు. సమ్మర్ స్టాఫ్ గురించి ఓనర్లతో నేనెప్పుడూ మొత్తుకునేది ఇదే: వాళ్లెంత అమ్మారన్నది ఒక్కటే చూడొద్దు, వాళ్లు వెళ్లిపోయాక మనం మోయాల్సిన మాటలు ఎన్ని చెప్పి పోయారో చూడండి అని.

అందుకే ఆ ఏడు సమ్మర్ పిల్లలకు రెండు షరతులు పెట్టాం. ఒకటి, వాళ్లకు ఎక్స్‌టెండెడ్ వారంటీ మీద ఇన్సెంటివ్ లేదు, అది పర్మనెంట్ స్టాఫే చెప్పాలి. రెండు, అమ్మిన ప్రతి వస్తువుకూ కస్టమర్ చేతికిచ్చే ఎస్టిమేట్ స్లిప్ వెనక కస్టమర్‌కి తాము చెప్పిన ముఖ్యమైన మాట ఒకటి రెండు లైన్లలో రాసి సంతకం పెట్టాలి. మొదటిదానికి ఎవరూ ఏమీ అనలేదు. రెండోదానికి మాత్రం అందరూ గొణిగారు, రద్దీలో రాయడం ఎక్కడ కుదురుతుంది సార్ అని. నిజంగా రాసింది ఈ అమ్మాయి ఒక్కతే అని చెప్పొచ్చు, మిగతావాళ్లు "గుడ్ పీస్" అని రాసి సంతకం గీకేవాళ్లు.

కూలర్ల మూల

ఆమెను కూలర్ల దగ్గర పెట్టారు. నేను పెట్టలేదు, ఫ్లోర్ రాజకీయమే పెట్టింది. ఏసీల వైపు ప్రమోటర్లు గుంపుగా ఉంటారు, కొత్తవాళ్లను రానివ్వరు, "పాపా, నువ్వు కూలర్లు చూసుకో చాలు" అన్నారు. కూలర్ మీద ఇన్సెంటివ్ తక్కువ, మూల బయటి గేటు పక్కనే, వేడిగాలి అంతా అక్కడికే.

మొదటి కొన్ని రోజులు కాళ్ల నొప్పులే. పొద్దున్నుంచి నిలబడే ఉండాలి కదా. కూర్చుంటే కస్టమర్ వెనక్కి పోతాడన్న నమ్మకం మన షాపుల్లో ఇంకా ఉంది. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని రాశారు, ఆ తమిళనాడు మనకు పక్క రాష్ట్రమే. మా ఓనరుతో మాట్లాడి కూలర్ల వెనక ఒక స్టూలు వేయించాను. దాని వల్ల ఒక్క కస్టమర్ కూడా వెనక్కి పోయింది లేదు.

ఆమెకు బాగా పనికొచ్చింది ట్రైనింగ్ కాదు, ఒక మధ్యాహ్నం. ఫ్లోర్ ఖాళీగా ఉన్న టైములో ఇన్‌స్టాలేషన్ టీమ్‌తో ఆటోలో పంపించాను. బుధవారపేటలో ఒక ఇల్లు, బి.క్యాంపులో ఒక క్వార్టర్, నంద్యాల రోడ్డు వైపు ఒక కొత్త ఇల్లు. మొదటి ఇంట్లో కొత్త కూలర్ గది మధ్యలో ఉంది, తలుపులు కిటికీలు అన్నీ వేసేసి ఉన్నాయి, చల్లదనం బయటికి పోతుందని. గదిలో ఊపిరాడటం లేదు, గోడలు జిడ్డుగా, బట్టలు తేమగా. ఇంటావిడ "ఏసీ లెక్క చల్లగా అయితదనుకున్నాం, ఇది ఉక్కపోత పెడుతోంది" అంది. టెక్నీషియన్ ఏమీ మాట్లాడకుండా కూలర్‌ని కిటికీ దగ్గరికి జరిపి, వెనక భాగం బయటి గాలికి పెట్టి, ఎదురుగా ఉన్న తలుపు తెరిచాడు. పది నిమిషాల్లో గది మారిపోయింది.

కూలర్ పనిచేసే పద్ధతే అంత. తడి ప్యాడ్ల గుండా పొడిగాలి పోతే నీళ్లు ఆవిరవుతూ ఆ గాలిలోని వేడిని లాగేసుకుంటాయి, గాలి చల్లబడుతుంది, దాంతోపాటే తేమ పెరుగుతుంది. ఆ తేమగాలి బయటికి పోయే దారి లేకపోతే కూలర్ అదే గాలిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది. బయట గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది, అందుకే విశాఖపట్నంలో ఉక్కపోతలో ఏడిపించే కూలర్ మన కర్నూలు, అనంతపురం ఏప్రిల్‌లో దర్జాగా నడుస్తుంది. ఈ సంగతి మా ఫ్లోర్ మీద సగం మందికి తెలియదంటే నమ్మండి, తెలిసినవాళ్లు చెప్పరు, చెబితే కస్టమర్ ఆలోచనలో పడతాడని.

మరుసటి రోజు నుంచి ఆమె మాట మారింది. లీటర్లు, స్పీడు, రిమోటు పక్కన పెట్టేసింది. ఎవరొచ్చినా ముందు అడిగేది "కూలర్ యాడ పెడతారు?" అని.

ఒక అమ్మకం నేను పక్కనే నిలబడి చూశాను. గూడూరు వైపు నుంచి ఒక రైతు, భార్య, కొడుకు. రాగానే ఉన్నవాటిలో పెద్దది చూపించి "ఇది ఎంత?" అన్నాడాయన.

"అది 90 లీటర్లదన్నా. ఇంట్లో యాడ పెడతారు?"

"మిద్దె మీద గదిలో. పడుకునేది ఆడనే."

"కప్పు ఏంటిదన్నా, స్లాబా?"

"నాపరాళ్లు. రాత్రి పదైనా సెగ కొడతాంటాది."

"కిటికీ ఉందా?"

భార్య అందుకుంది, "ఉంది పాపా, చిన్నది, తలుపు పక్కనే."

ఆ మాటకు ఈమె ఒక కాగితం తీసి గది గీయమంది. కొడుకు గీశాడు. కిటికీ, తలుపు ఒకే గోడకు ఉన్నాయి, ఎదురు గోడకు ఏమీ లేదు. ఈమె చెప్పింది, "అన్నా, ఇంత పెద్దది ఆ గదిలో పెడితే గాలి పోయే దారి లేదు, మూడో రోజే మీరు నన్ను తిట్టుకుంటారు. చిన్నది తీసుకోని కిటికీకి ఆనించి పెట్టండి, తలుపు సగం తెరిచి పడుకోండి. మిగిలే డబ్బుతో ఆ ఎదురు గోడకు పైన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిచ్చుకోండి. బోరు నీళ్లేనా?" బోరు నీళ్లేనట. "అయితే వారానికొకసారి ట్యాంకు ఖాళీ చేసి కడగండి, మన నీళ్లకు ప్యాడ్ల మీద సున్నం పేరుకుంటాది, అప్పుడు నీళ్లు ఇంకవు."

ఆయన కాసేపు అనుమానంగా చూశాడు. షాపు పిల్ల తక్కువ రేటుది కొనమంటే ఎవరికైనా అనుమానమే కదా. "పెద్దది స్టాకు లేదా ఏమి?" అన్నాడు. గోడౌన్‌లో బోలెడు ఉన్నాయి. చివరికి భార్యే తేల్చింది, "ఆ పాప చెప్పినట్లే తీసుకో, రాత్రిళ్లు ఆ గదిలో వండేది పడుకునేది నేను కదా." స్లిప్ వెనక ఈమె రాసింది నాకు గుర్తుంది: "కిటికీ దగ్గరే పెట్టాలి. తలుపు తెరవాలి. వాన పడి గాలి తేమగా ఉంటే చల్లదనం తగ్గుతుంది, అప్పుడు నీళ్ల పంపు ఆపి ఉత్త ఫ్యాన్ వాడాలి." చివరి వాక్యం అప్పుడు ఏప్రిల్‌లో ఎవరికీ పట్టని మాట. ప్రమోటర్లు నవ్వారు కూడా, సరుకు అమ్మేటప్పుడే దాని లోపం రాసిస్తారా అని.

ఏసీల వైపు పోయిన రోజులు

కూలర్లలో కుదురుకున్నాక ఆదివారాలు రద్దీకి ఏసీల వైపు కూడా పంపించాను. అక్కడ ఆమె అంత రాణించలేదు, అది దాచాల్సిన పని లేదు. కొంత కస్టమర్ల వల్ల, "ఎవరైనా అబ్బాయిని పిలువమ్మా" అని ముఖం మీదే అనేవాళ్లు, ఆడవాళ్లు కూడా అనేవాళ్లు. కొంత ఆమె వల్ల కూడా. బేరం రాదు. కస్టమర్ "ఇంకేమన్నా తగ్గించు" అనగానే తనకున్న డిస్కౌంట్ మొత్తం ఒక్కసారే చెప్పేసేది, ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు, అవతలివాళ్లు ఇంకా ఉందనుకుంటారు, నేను వెళ్లి తేల్చాల్సి వచ్చేది. మార్కెట్ యార్డులో తల ఊపడం తప్ప చూడని పిల్ల, రెండు నెలల్లో బేరం వచ్చేస్తుందని నేనూ అనుకోలేదు.

కానీ ఒక పని మాత్రం సీనియర్లకు చేతకానిది చేసింది. త్రీ స్టారా, ఫైవ్ స్టారా అనే ప్రశ్న రోజుకు ఎంతమంది అడుగుతారో లెక్క లేదు. మావాళ్ల జవాబు ఒకటే, "ఫైవ్ స్టార్ తీసుకోండి సార్, కరెంటు బిల్లులోనే డబ్బు వెనక్కొస్తుంది." ఎప్పుడొస్తుంది అంటే మాత్రం నవ్వుతారు. ఈమె ఏసీ మీద అంటించిన బీఈఈ లేబుల్ (ఈ స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ వేసేది) చదివింది. అందులో ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, ఆ అంకె ఏడాదికి 1600 గంటలు నడిపితే అనే లెక్క మీద వేసింది. కర్నూలులో మామూలు కుటుంబం రాత్రి ఎనిమిది గంటలు, నాలుగు నెలలు వేస్తే 960 గంటలు. అంటే లేబుల్ మీద ఉన్న అంకెలో 60 శాతం. ఒకటిన్నర టన్నుల్లో త్రీ స్టార్‌కీ ఫైవ్ స్టార్‌కీ మధ్య లేబుల్ మీద తేడా 220 యూనిట్లు అనుకుంటే, ఆ ఇంటికి మిగిలేది 132 యూనిట్లు. వేసవిలో ఏసీ వేసే ఇల్లు 226 నుంచి 400 యూనిట్ల కరెంటు శ్లాబులో పడుతుంది, అప్పటి రేటు యూనిట్ 8 రూపాయల 75 పైసలు. ఏడాదికి సుమారు 1,150. రెండింటి ధరలో తేడా 8,000 ఉంటే అది వెనక్కి రావడానికి ఏడేళ్లు.

అదే ఒక క్లినిక్‌కో మెడికల్ షాపుకో, రోజుకు పన్నెండు గంటలు, ఎనిమిది నెలలు నడిపేవాళ్లకైతే గంటలు మూడింతలు, కమర్షియల్ మీటరు రేటు ఎక్కువ, రెండేళ్లలోనే తేడా వచ్చేస్తుంది. కాబట్టి ఇంటికి త్రీ స్టార్, క్లినిక్‌కి ఫైవ్ స్టార్. ఈ లెక్క ఆమె ఫోన్ కాలిక్యులేటర్‌లో కస్టమర్ ముందే వేసి చూపించేది. ఒక స్కూలు మాస్టారు తానే మళ్లీ వేసి సరిచూసుకుని, త్రీ స్టార్ కొని, పోతూ పోతూ తన తోడల్లుడిని పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా. (అప్పటికి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం, అది 18కి తగ్గింది సెప్టెంబర్ 22 నుంచి. సీజన్ అయిపోయాక తగ్గించడం మా ఖర్మ.)

ఫైనాన్స్ దగ్గర మాత్రం గొడవ పడింది. ఫైనాన్స్ కౌంటర్ కుర్రాడు "జీరో వడ్డీ అక్కా" అంటుంటే పక్కనే ఉన్న ఈమె కస్టమర్‌తో "ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండక్కా, ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో కూడా అడగండి" అనేసింది. ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి పంచాయితీ పెట్టాడు. ఆమె అన్నది నిజమే. సున్నా వడ్డీ అనేదే ఉండదని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది, ఆ వడ్డీని కంపెనీయో షాపో మోస్తుంది, లేకపోతే నగదుకు ఇచ్చే డిస్కౌంట్ ఎగ్గొట్టి సర్దుతారు. కానీ ఫ్లోర్ మీద ఒకరి కస్టమర్ దగ్గర ఇంకొకరు మాట్లాడకూడదనేది కూడా నిజమే, అది లేకపోతే షాపు నడవదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక మాట అనుకున్నాం, ప్రాసెసింగ్ ఫీజు సంగతి ఫైనాన్స్ కుర్రాడే మొదట చెప్పాలి, ఆమె నోరెత్తకూడదు. వాడు కొన్నాళ్లు చెప్పాడు.

రోహిణి కార్తెలో వాన

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మా సీజన్‌కి అసలు పంట ఆ పదిహేను రోజులే, మే 25 దాటినాక. 2025లో ఏమైందో అందరికీ గుర్తుండే ఉంటుంది. మే మొదటినుంచే అకాల వానలు, నైరుతి రుతుపవనాలు మే 24కే కేరళను తాకాయి, నెల అయ్యేలోపే రాయలసీమలోకి వచ్చేశాయి. రైతులు సంబరపడ్డారు, ఈ అమ్మాయి వాళ్ల నాన్న కూడా ఫోన్ చేసి పదును అయ్యిందని చెప్పాడట. మా గోడౌన్‌లో మాత్రం కూలర్లు అట్లనే ఉండిపోయాయి. ఆ ఏడు ఏసీ కంపెనీలన్నీ దేశమంతా ఇదే ఏడుపు ఏడ్చాయి.

ఫ్లోర్ ఖాళీ అయింది, సర్వీస్ కౌంటర్ నిండింది. "కూలర్ చెడిపోయింది, మార్చి ఇయ్యండి." చెడిపోలేదు. వాన గాలిలో తేమ పెరిగింది, కూలర్ చల్లబరచడం తగ్గింది, అంతే. కానీ ఆ మాట కొన్న నెల తర్వాత, కస్టమర్ కోపంగా కౌంటర్ మీద చెయ్యి కొట్టేటప్పుడు చెబితే సాకులా వినిపిస్తుంది. "కొనేటప్పుడు మీవోడు ఈ ముక్క చెప్పలేదే" అంటే మా దగ్గర జవాబు లేదు. కొందరికి టెక్నీషియన్‌ను ఉత్తపుణ్యానికి పంపించాం, ఒకరిద్దరికి డబ్బు సర్దుబాటు చేశాం, ఒకాయన వినియోగదారుల కమిషన్‌కు పోతానన్నాడు, పోలేదు.

ఆమె అమ్మినవాళ్లలోంచి కూడా కొందరు వచ్చారు. తేడా ఎక్కడంటే, స్లిప్ తీసుకుని వచ్చారు. గూడూరు రైతు కొడుకే వచ్చాడు, జేబులోంచి కాగితం తీసి, "పంపు ఆపమని రాసినారు, పంపు యాడ స్విచ్చో చూపిస్తారా?" అని అడిగాడు. చూపించాం, పోయాడు. కౌంటర్‌లో ఉన్న సర్వీస్ అమ్మాయి ఆ రోజు సాయంత్రం ఆ స్లిప్పుల సంగతి నాకు చెబితేనే నేను కూర్చుని కంప్లైంట్ల పుస్తకం తిరగేశాను. కూలర్ల మీద "చెప్పలేదు" అనే గొడవల్లో ఆమె సంతకం ఉన్న బిల్లు ఒక్కటీ లేదు. అమ్మకాల్లో మాత్రం ఆమె సమ్మర్ పిల్లల మధ్యలో ఎక్కడో ఉంది, ముందు వరుసలో లేదు. ముందు వరుసలో ఉన్న కుర్రాడి బిల్లులే కంప్లైంట్ల పుస్తకంలోనూ ముందున్నాయి. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు, మేం ఇచ్చిన ఇన్సెంటివ్ కాగితం ఏం చెప్పిందో అది చేశాడు.

ఇంకొకటి కూడా చూడాలి. ఈ ఫలితం వాన వల్ల బయటపడింది. వాన రాకపోయి ఉంటే ఆమె స్లిప్పులు అట్లనే కస్టమర్ల బీరువాల్లో ఉండేవి, నేను అమ్మకాల జాబితా చూసి "పర్లేదు, యావరేజ్" అని సర్టిఫికెట్ మీద రాసి పంపించేవాణ్ని. కాబట్టి ఇలా చేస్తే అన్ని సీజన్లలో లాభమే అని ఎవరికీ హామీ ఇవ్వను. పైగా ఆమె చిన్న కూలర్ అమ్మిన ప్రతిసారీ బిల్లు విలువ తగ్గింది, అది ఓనరు నాకు గుర్తు చేస్తూనే ఉంటాడు.

లెక్క తేలాక

వానల వల్ల సీజన్ టార్గెట్ ఎవరికీ అందలేదు, రూలు ప్రకారం ఇన్సెంటివ్ రాకూడదు. ఓనరుతో మాట్లాడి అమ్మినదానికి తగ్గట్టు కొంత ఇప్పించాం, పూర్తిగా కాదు. ఆ డబ్బుతో మూడో సంవత్సరం ఫీజు కట్టిందని తర్వాత విన్నాను.

సర్టిఫికెట్‌తో పాటు కాలేజీకి ఒక రిపోర్టు ఇవ్వాలి. అందులో మొదటి అధ్యాయం "సంస్థ విజన్, మిషన్" అట. మా షాపుకి విజన్ ఏముంటుంది, నెలాఖరుకు స్టాకు కదలడమే విజన్. "సార్, ఏం రాయాలి?" అని అడిగితే ఇద్దరం కూర్చుని ఏదో రాశాం. అసలు రాయాల్సింది, ఆ నాపరాళ్ల గది బొమ్మ, 960 గంటల లెక్క, వాటికి ఆ ఫార్మాట్‌లో చోటు లేదు. చివర "అనుబంధం" అని పెట్టి రెండు స్లిప్పుల జిరాక్స్ అంటించమన్నాను, అంటించింది. లెక్చరర్ వాటి మీద టిక్ పెట్టాడట, ఏమీ అడగలేదట.

ఇప్పుడు సమ్మర్ పిల్లలను తీసుకునేటప్పుడు పద్ధతి కొంచెం మార్చాం. ముందు అందరూ కూలర్ల దగ్గరే మొదలుపెట్టాలి, ఏసీల వైపు తర్వాత. అందరూ ఒక పూట ఇన్‌స్టాలేషన్ ఆటో ఎక్కాలి. ఇన్సెంటివ్‌లో కొంత భాగం జూన్ ఆఖరుకు కంప్లైంట్ల పుస్తకం చూశాకే ఇస్తాం, ఇది పిల్లలకు నచ్చడం లేదు, కాలేజీకి వెళ్లిపోయాక డబ్బు కోసం మళ్లీ షాపుకి రావాలా అంటారు, ఫోన్‌పే చేస్తాం రానక్కర్లేదని చెప్పినా అనుమానమే. స్లిప్ వెనక రాయడం బదులు వేరే పుస్తకం అచ్చు వేయించాం, కార్బన్ పెట్టి, ఒక కాపీ కస్టమర్‌కి, ఒకటి మాకు. "ఎక్కడ పెడతారు", "గాలి పోయే దారి", "నీళ్లు", "మేం చెప్పిన జాగ్రత్త", ఈ నాలుగు ఖాళీలే. కాగితం ఎందుకు, ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే సరిపోదా అని ఓనరు కొడుకు అంటున్నాడు. నాకైతే కాగితమే మేలు. కౌంటర్ దగ్గరికి కోపంగా వచ్చే మనిషి ఫోన్‌లో పాత మెసేజ్ వెతుక్కోడు, బిల్లుతో పాటు పిన్ను కొట్టి ఇచ్చిన కాగితం అయితే చేతిలోనే ఉంటుంది. ప్రమోటర్లు మాత్రం ఆ పుస్తకం ముట్టుకోవడం లేదు, వాళ్ల కంపెనీ చెప్పలేదట. ఆ సంగతి కంపెనీ ఏరియా మేనేజర్‌తో మాట్లాడుతున్నాం, ఇంకా తేలలేదు.